గ్రీకు తురుష్కుల జనవినిమయము – మతనామమును రాజ్యనీతియును

పాఠశాలలో క్రొత్తగా చేరవచ్చిన బాలుని గూర్చి ప్రవేశపుస్తకమున కొన్ని వివరములు వ్రాయుట మనమందఱము ఎఱిగినదే. పిల్లవాని పేరేమి, తండ్రి పేరేమి, పుట్టిన తేది యేది, స్వగ్రామమేది, మాతృభాష యేది, మతమేది అని అడిగి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క సమాధానమును వ్రాయుదురు. ఆ గడులన్నియు కలిసియు ఆ బాలుని పూర్తిగా తెలుపజాలవు. అతడు చక్కగా పాడునో, బంతియాట బాగుగ నాడునో, తల్లికి పనిలో సాయపడునో అందు వ్రాయబడదు. ఐనను ఒక గడికంటె ఆఱు గడులు నయము. అట్లుగాక, మిగిలిన గడులన్నిటిని మూసివేసి, మతమను ఒక్క గడిని మాత్రమే చూచి, ‘నీవీ యూర నుండదగవు, సముద్రమున కావలనున్న దేశమునకు పొమ్ము’ అని ప్రభుత్వము శాసించినయెడల ఏమగును? ఇది కల్పించిన ప్రశ్న కాదు. 1923వ సంవత్సరమున రెండు ప్రభుత్వములు కూడబలుకుకొని, ఇంచుమించు పదునాఱు లక్షల జనమునకు సరిగా ఇట్లే చెప్పినవి.

మతభేదములును ఆచారభేదములును లోకమునందలి యుద్ధములకు మూలమని నేడు తఱచుగా వినుచున్నాము. ఆ మాట ఎంతవఱకు నిజమో ఊరక చర్చించుటకంటె, చరిత్రలోని ఒక్క ఘట్టమును దగ్గఱనుండి పరిశీలించుట మేలని తలంచి, మేమీ వ్యాసమునకు గ్రీకు తురుష్కుల జనవినిమయమును విషయముగా గైకొంటిమి. జనవినిమయమనగా ఒక దేశపు ప్రజలను ఇంకొక దేశపు ప్రజలతో మాఱ్చుకొనుట. వస్తువులను మాఱ్చుకొనుట సంతలో చూచియున్నాము. మనుష్యులను మాఱ్చుకొనుట ఎట్టిదో చూతము.

పూర్వస్థితి

ఆ ప్రదేశములు మన చదువరులకు క్రొత్తవి కావు. స్ముర్న, ఎఫెసు, తార్సు, కప్పదొకియ, క్రేతు అను పేర్లు వేదపాఠపు తరగతిలో మనము వినుచునే యున్నాము. పౌలు పుట్టిన తార్సును, ప్రకటన గ్రంథమునందలి ఏడు సంఘములలో నొకటి యుండిన స్ముర్నయు ఇప్పటి టర్కీదేశమున గలవు. స్ముర్నను ఇప్పుడు ఇజ్మీరని పిలుతురు. క్రేతు గ్రీసుదేశమునకు చెందిన పెద్ద ద్వీపము. ఈ రెండు దేశముల నడుమ ఏజియన్ సముద్రము గలదు. దాని ఇరుతీరములందును క్రైస్తవులును మహమ్మదీయులును తరతరములుగా ఇరుగుపొరుగున కాపురముండిరి.

తురుష్క సుల్తానులు 1453లో కాన్‌స్టాంటినోపిల్ పట్టణమును జయించిరి. వారి సామ్రాజ్యమున ప్రజలు భాషనుబట్టి గాక మతమునుబట్టి సమాజములుగా ఎంచబడుచుండిరి. అట్టి సమాజమునకు ‘మిల్లెత్’ అని పేరు. ఆర్థొడాక్సు క్రైస్తవులకు కాన్‌స్టాంటినోపిల్ మహాధ్యక్షుడు పెద్ద. వివాహములు, వారసత్వపు తగవులు, బడులు మున్నగునవి ఆయా సమాజముల పెద్దల వశమున నుండెను. ఈ యేర్పాటు సమానత్వము కాదు. క్రైస్తవులు చిరకాలము అధికమైన పన్ను చెల్లించి, మహమ్మదీయులకంటె తక్కువ హోదాతో బ్రదుకవలసి వచ్చెను. ఐనను ఒకే వీధిలో, ఒకే సంతలో, ఒకే బావియొద్ద ఇరువురును మసలుచుండిరి.

ఇందు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి గలదు. మతమును భాషయు ఎల్లెడల ఒకే గీతమీద నడువలేదు. కప్పదొకియ ప్రాంతమున కరమన్లీలను ఆర్థొడాక్సు క్రైస్తవులుండిరి. వారి మాతృభాష తురుష్కము. దానిని వారు గ్రీకు అక్షరములతో వ్రాసికొనుచుండిరి. వారి కొఱకై బ్రిటిషు అండ్ ఫారిన్ బైబిలు సొసైటీవారు పందొమ్మిదవ శతాబ్దమున తురుష్కభాషలో, గ్రీకులిపిలో వేదగ్రంథమును అచ్చొత్తించిరి. ఇటు క్రేతుద్వీపమున నున్న మహమ్మదీయులలో పెక్కండ్రకు ఇంటిభాష గ్రీకు. మన తెలుగునాట దూదేకులవారు తెలుగే తల్లిభాషగా మహమ్మదీయ మతమునం దున్నట్లే, ఆ తీరములందును ఒక భాష ఇరుమతములకును, ఒక మతము ఇరుభాషలకును చోటిచ్చియుండెను.

యుద్ధము

పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాఖండమునందు జాతీయభావము ప్రబలెను. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క రాజ్యముండవలెనను తలంపు వ్యాపించెను. 1821లో గ్రీకులు సుల్తానుపై తిరుగబడి, 1830లో స్వతంత్రరాజ్యముగా నంగీకరింపబడిరి. అది మొదలు, సముద్రమునకు ఆవలనున్న గ్రీకు క్రైస్తవులు నివసించు భూములనుగూడ కలుపుకొని విశాలరాజ్యము కట్టవలెనని ఏథెన్సులోని నాయకులు కలలు గనిరి. 1912, 1913 సంవత్సరములలో జరిగిన బాల్కను యుద్ధములందు సామ్రాజ్యపు పడమటి భాగములు తెగిపోయెను. అప్పుడు లక్షలకొలది మహమ్మదీయులు ఇండ్లు విడిచి తూర్పునకు పాఱిపోయిరి. పిమ్మట ప్రథమ ప్రపంచయుద్ధ కాలమున తీరప్రాంతపు గ్రీకులు పలువురు తఱిమివేయబడిరి. ఏ పక్షమువారి బాధలు ఆ పక్షమువారికే కనబడెను.

మహాయుద్ధమున తురుష్కులు ఓడిపోయిరి. 1918 అక్టోబరు 30వ తేదిన సంధి జరిగెను. 1919 మే 15వ తేదిన గ్రీకుసేన, బ్రిటను మొదలగు రాజ్యముల యనుమతితో, స్ముర్నలో దిగెను. అంతట ముస్తఫా కెమాల్ నాయకత్వమున తురుష్కులు ఎదిరించిరి. గ్రీకుసేన దేశమధ్యము వఱకు చొచ్చుకొనిపోయి, 1921లో సకార్యానది యొద్ద నిలిచిపోయెను. 1922 ఆగస్టులో తురుష్కులు ఎదురుదాడి చేసిరి. వెనుకకు మఱలు గ్రీకుసేన దారిపొడుగున ఊళ్లను తగులబెట్టెను. సెప్టెంబరు 9వ తేదిన తురుష్కసేన స్ముర్నలో ప్రవేశించెను. 13వ తేదిన నిప్పంటుకొని, గ్రీకుల పేటయు ఆర్మీనియనుల పేటయు బూడిదయ్యెను. వెనుక అగ్ని, ముందు సముద్రము. ఆ నడుమ ఓడరేవు గట్టుమీద లక్షలాది జనము దినములతరబడి నిలిచియుండిరి.

ఈ సందర్భమున ఒక పండితుని గూర్చి చెప్పవలసియున్నది. ఆర్నల్డు టాయిన్‌బీ యను ఆంగ్ల చరిత్రకారుడు లండను విశ్వవిద్యాలయమున గ్రీకుల విరాళములతో నేర్పడిన ఆచార్యపీఠము నధిష్ఠించి యుండెను. అతడు 1921లో మాంచెస్టరు గార్డియన్ పత్రిక పక్షమున యుద్ధభూమికి పోయి, గ్రీకుసేన మహమ్మదీయ గ్రామములకు చేసిన యపకారములను కన్నులార చూచి, చూచినది చూచినట్లు వ్రాసెను. ప్రపంచయుద్ధమున తురుష్కులు చేసిన ఘోరములను గూర్చియు అతడు మునుపు వ్రాసియే యుండెను. దాతలకు కోపము వచ్చెను. 1924లో అతడు ఆ పదవిని విడువవలసి వచ్చెను. మనవారి తప్పునుగూడ తప్పనుట ఎంత ఖరీదైన పనియో దీనివలన తెలియుచున్నది.

ఒడంబడిక

1922 నవంబరు 20వ తేదిన స్విట్జర్లండులోని లోజాన్ పట్టణమున సంధిసభ ప్రారంభమయ్యెను. గ్రీసు పక్షమున వెనిజెలోసును, టర్కీ పక్షమున ఇస్మెత్ పాషాయు వచ్చిరి. నానాజాతి సమితి పక్షమున శరణార్థుల భారము వహించిన ఫ్రిత్యోఫ్ నాన్సెన్ జనవినిమయమును సభయెదుట నుంచెను. ఇతడు క్రూరుడు కాడు. ఉత్తరధ్రువ యాత్రలు చేసిన నార్వేదేశపు వీరుడు. దిక్కులేని శరణార్థులకు చేసిన సేవకై ఆ యేడే నోబెలు శాంతిబహుమానమును పొందినవాడు. గ్రీకులలో అత్యధికులు అప్పటికే పాఱివచ్చి గ్రీసు రేవులలో ఆకలితో నుండిరి. వారు మఱల పోలేరు. వారిని నిలుపుటకు ఇండ్లును పొలములును కావలెను. ఇరుజాతులను వేఱుచేసిననే గాని రక్తపాతము ఆగదని అతడు నమ్మెను.

ఆ సభలో ప్రాదేశిక విషయములకు అధ్యక్షత వహించినవాడు కర్జన్ ప్రభువు. ఇతని పేరు మన దేశచరిత్రలోనిదే. 1905లో వంగరాష్ట్రమును హిందువులు అధికులైన భాగముగను, మహమ్మదీయులు అధికులైన భాగముగను చీల్చిన రాజప్రతినిధి ఇతడే. ఆ విభజనపై రేగిన ఉద్యమపు వేడి 1907లో బిపిన్ చంద్రపాలుగారి యుపన్యాసములతో రాజమహేంద్రవరము వఱకు వచ్చెను. 1911లో ప్రభుత్వమువారే ఆ విభజనను రద్దుచేసిరి. అట్టి కర్జన్ ప్రభువే లోజానులో, బలవంతపు జనవినిమయము మిక్కిలి చెడ్డ పరిష్కారమనియు, దీనికై లోకము నూఱేండ్లు దండుగ చెల్లింపవలసి యుండుననియు పలికెను. పలికియు దానిని సాగనిచ్చెను.

1923 జనవరి 30వ తేదిన ఒడంబడికపై సంతకములు జరిగెను. దాని మొదటి నిబంధన సారమిది: టర్కీలో నివసించు గ్రీకు ఆర్థొడాక్సు మతస్థులైన తురుష్కప్రజలును, గ్రీసులో నివసించు మహమ్మదీయ మతస్థులైన గ్రీకుప్రజలును 1923 మే 1వ తేది మొదలుకొని విధిగా మాఱ్చుకొనబడుదురు, అనుమతిలేనిదే మఱల తిరిగిరారాదు. కాన్‌స్టాంటినోపిల్ నందలి గ్రీకులకును, పశ్చిమ త్రేసునందలి మహమ్మదీయులకును మాత్రము మినహాయింపు కలిగెను. 1919లో గ్రీసు బల్గేరియాల నడుమ ఇట్టిదే యొక యొడంబడిక జరిగియుండెను గాని, అందు పోవుటకును ఉండుటకును ప్రజలకు ఇష్టము విడువబడెను. లోజానులో ఆ యిష్టము తీసివేయబడెను.

మతము ఏ పనికి వాడబడెను?

నిబంధనలోని మాటలను మఱల చూడుడు. నీవు ఏ భాష మాటలాడుదువని అది యడుగలేదు. ఏ దేశమును నీదిగా తలంతువనియు అడుగలేదు. దేవునియందు నీకెంత భక్తి గలదనియు అడుగలేదు. ఏనాడును మసీదున కాలుపెట్టని వాడైనను మహమ్మదీయుడని వ్రాయబడియున్నచో పోవలసినదే. తురుష్కము తప్ప వేఱుభాష యెఱుగని కరమన్లీ ముసలమ్మయు ‘గ్రీకు’ అయ్యెను. గ్రీకు తప్ప వేఱుభాష యెఱుగని క్రేతు రైతు ‘తురుష్కుడు’ అయ్యెను. కప్పదొకియలో పాపా ఎఫ్తిమ్ అను ఆర్థొడాక్సు గురువు తన సంఘమువారు తురుష్కులేయని వాదించి, కెమాల్ పక్షమున పనిచేసెను. చివరకు అతనికిని అతని కుటుంబమునకును మాత్రమే మినహాయింపు దొరికెను. అతని మందకు దొరకలేదు.

ఇంకను విచిత్రమైన సంగతి యొకటి గలదు. మతమునుబట్టి ప్రజలను ఏఱివేసిన ఆ క్రొత్త తురుష్క ప్రభుత్వము మతప్రభుత్వము కాదు. 1924 మార్చి 3వ తేదిన అది ఖలీఫా పదవినే తీసివేసెను. 1928లో రాజ్యాంగమునుండి రాజ్యమతమను మాటనే తొలగించెను. ఆ ఖలీఫా గౌరవము నిలువవలెనని 1919 మొదలుకొని మన దేశమున మహమ్మదీయులును, గాంధిగారి మాటపై హిందువులును ఖిలాఫతు ఉద్యమము నడిపి, విరాళములుగూడ పంపియుండిరి. వారు ఏ పేరు కొఱకు పాటుపడిరో, ఆ పేరును తురుష్కులే తుడిచివేసిరి. దీనివలన మనకు తెలియునదేమనగా, లోజానులో మతము భక్తికి గుర్తుగా కాక, జనమును లెక్కించుటకు వేసిన ముద్రగా వాడబడెను. రాజ్యములకు కావలసినది ఆరాధకులు కారు. తగవు లేని సరిహద్దులు, ఒకే రంగుగల పటము.

వలస

గ్రీసునకు వచ్చిన వారు ఇంచుమించు పండ్రెండు లక్షలు. టర్కీకి పోయిన వారు మూడున్నర నాలుగు లక్షలు. 1928 జనాభా లెక్కలలో గ్రీసు జనసంఖ్య అఱువదిరెండు లక్షలు. అనగా ప్రతి ఐదుగురిలో ఒకడు శరణార్థి. ఏథెన్సునందలి నాటకశాలలో, ధనికులు కూర్చుండి నాటకము చూచు ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబము కాపురము పెట్టెను. నానాజాతి సమితి 1923లో శరణార్థి నివాస సంఘమును ఏర్పఱచి, అప్పులు తెచ్చి, పల్లెలను పేటలను కట్టించెను. వాటికి వచ్చినవారు తమ పాతయూళ్ల పేర్లనే పెట్టుకొనిరి. ‘క్రొత్త స్ముర్న’ యను అర్థముగల పేట నేటికిని ఏథెన్సున గలదు. కప్పదొకియలోని గెల్వెరి గ్రామస్థులు నజియాంజు గ్రెగొరీ భక్తుని యస్థికలను మోసికొనివచ్చి, కవాలా పట్టణము దాపున నేయా కర్వాలి యను గ్రామమును కట్టుకొనిరి. ఇల్లును పొలమును విడువగలిగిరి గాని ఆ పెట్టెను విడువలేకపోయిరి.

అటు టర్కీలో, ఫెతియే పట్టణమునకు సమీపమున కొండవాలున కయాకోయ్ అను గ్రామము గలదు. గ్రీకులు వెడలిపోయిన పిదప అది నిండలేదు. పైకప్పులు లేని రాతియిండ్లు వందలకొలది నేటికిని అట్లే నిలిచియున్నవి. ఐవాలిక్ వంటి తీరపట్టణములందు మాత్రము క్రేతునుండియు మితిలేనె ద్వీపమునుండియు వచ్చిన మహమ్మదీయులు గ్రీకులు విడిచిన యిండ్లలో కాపురముండి, వారు నాటిన ఓలివతోటల కాయలను కోసిరి. క్రైస్తవ దేవాలయములు కొన్ని మసీదులయ్యెను. గ్రీసునందలి మసీదులు కొన్ని గిడ్డంగులయ్యెను.

క్రొత్తదేశమున ఈ జనమునకు ఆదరణ దొరికెనా? తమ మతమువారే గదా, అక్కున చేర్చుకొందురని మనము తలంపవచ్చును. గ్రీసునకు వచ్చిన క్రైస్తవులను అచటివారు ‘తురుష్కుల విత్తనము’ అని యెగతాళి చేసిరి. టర్కీకి పోయిన క్రేతువారిని ‘సగము అవిశ్వాసులు’ అనిరి. ఏ పేరునుబట్టి వారిని తఱిమిరో, ఆ పేరు చేరినచోట వారికి అన్నము పెట్టలేదు. అక్కడ భాష వేఱు, వంట వేఱు, పాట వేఱు అని ఇతర గడులన్నియు తెఱచి చూచిరి. విడదీయునప్పుడు ఒక్క గడి చాలెను; కలుపుకొనునప్పుడు ఆ యొక్క గడి చాలలేదు.

రెండు పక్షముల వాదములు

జనవినిమయమును సమర్థించువారి మాటను గూడ మనము న్యాయముగా వినవలెను. స్ముర్న కాలిన పిదప ఇరువురును ఒకేచోట నుండిన మఱల సంహారము జరిగియుండెడిదని వారందురు. ఇరుదేశములును పిమ్మట మైత్రి చేసికొన్నమాట నిజము. 1930లో వెనిజెలోసు అంకారాకు పోయి స్నేహపు ఒడంబడిక చేసెను. 1934లో అతడే కెమాలునకు శాంతిబహుమాన మీయవలసినదని నోబెలు సంఘమునకు వ్రాసెను. అదియునుగాక, మినహాయింపు పొంది నిలిచిన వారి గతి సుఖముగా లేదు. 1942లో టర్కీ విధించిన ఆస్తిపన్ను ముస్లిమేతరులపై మితిమీఱి పడెను. 1955 సెప్టెంబరు 6, 7 తేదులలో ఇస్తాంబులున గ్రీకుల దుకాణములును దేవాలయములును మూకలచే ధ్వంసమయ్యెను. ఒకప్పుడు లక్షకు మించియున్న ఆ గ్రీకులు నేడు కొద్దివేలు మాత్రమే. పశ్చిమ త్రేసునందలి మహమ్మదీయులలో అనేకులు దేశము విడిచి వెళ్లినప్పుడు, 1998 వఱకు అమలుననున్న యొక నిబంధనవలన గ్రీకు పౌరసత్వమును పోగొట్టుకొనిరి.

కాని ఈ వాదమునకు ప్రత్యుత్తరము గలదు. మిగిలినవారు బాధపడినది పొరుగువారి మతము వేఱగుటవలన కాదు. లోజాను వారిని పొరుగువారిగా గాక పణముగా నుంచెను. అచ్చట మావారిని బాధించినచో ఇచ్చట మీవారిని బాధింతుమను లెక్క ఆనాడు పుట్టెను. 1955 నాటి యల్లరికి కారణమైన తగవు ఇస్తాంబులుది కాదు, సైప్రసు ద్వీపముది. ఆ ద్వీపము 1974లో, మొదట గ్రీకు సైనికనాయకులు చేయించిన తిరుగుబాటుచేతను, పిమ్మట తురుష్కసేన దిగుటచేతను రెండుగా చీలెను. దాని రాజధానియైన నికోసియా నడుమ నేటికిని సరిహద్దుగీత పోవుచున్నది.

ఒకచోట చేసిన పని ఇంకొకచోట మాదిరి యగును. 1937లో పాలస్తీనా విషయమును విచారించిన పీలు సంఘమువారు, యూదులను అరబ్బులను వేఱుచేయుటకు గ్రీకు తురుష్కుల వినిమయమును దృష్టాంతముగా చూపిరి. 1947లో మన దేశము విభజింపబడినప్పుడు వినిమయపు ఒడంబడిక ఏదియు లేకుండగనే కోటికి మించిన జనము ఇటునటు నడచిరి; లక్షలాది మంది దారిలో చచ్చిరి. కర్జన్ ప్రభువు చెప్పిన దండుగలో మన భాగముగూడ గలదని మేము తలంచుచున్నాము.

మతమే కారణమా?

1993లో సామ్యూల్ హంటింగ్టన్ అను అమెరికా పండితుడు, ఇకముందు లోకకలహములు నాగరికతల నడుమ, ముఖ్యముగా మతములనుబట్టి యేర్పడిన నాగరికతల నడుమ జరుగునని వాదించెను. గ్రీకు తురుష్కుల కథ మొదట చూచినప్పుడు ఆ మాటకు సాక్ష్యమువలె తోచును. కాని అదే కాలపు చరిత్రను కొంచెము వెడల్పుగా చూడుడు. 1913లో గ్రీకులును సెర్బులును యుద్ధము చేసినది బల్గేరియనులతో. మువ్వురును ఆర్థొడాక్సు క్రైస్తవులే. 1916లో సుల్తానుపై తిరుగబడిన అరబ్బులు మహమ్మదీయులే. మతము ఒక్కటైనచోటను రాజ్యలాభము వేఱైన యెడల కత్తులు దూయబడినవి. 1941లో జర్మనుల యాక్రమణమున గ్రీసు కఱవుచే మాడుచుండగా, తిండిగింజలతో మొదట వచ్చిన యోడ టర్కీదేశపు ‘కుర్తులూష్’. మతము వేఱైనచోటను చేయి చాపబడినది.

2006లో అమర్త్యసేనుగారు ఒక గ్రంథమున హంటింగ్టనుగారి వాదమునకు బదులు చెప్పిరి. ఒక్కొక్క మనుష్యునకు ఊరు, భాష, వృత్తి, మతము, విద్య, అభిరుచి మొదలగు పెక్కు సంబంధములుండగా, వానిని ఒక్క పేరుతో బంధించుటయే హింసకు దారితీయునని వారి యభిప్రాయము. వారు బాలుడుగా ఢాకాలో నున్నప్పుడు, 1944 నాటి మతకలహములలో కత్తిపోటు తిన్న ఒక పేద మహమ్మదీయ కూలి వారి యింటివాకిటిలోనికి వచ్చి పడెను. ఇంట తిండిలేక, పని దొరకునేమో యని అతడు ఆ దినము బయటికి వచ్చెను. ఆకలిగొన్న తండ్రి, దినకూలి, ఢాకా నివాసి. ఇన్ని పేర్లుండగా చంపినవానికి ఒక్క పేరే కనబడెను.

మా యభిప్రాయమును స్పష్టముగా చెప్పుదుము. మతమును సంస్కృతియు బలహీనమైనవి కావు. అవి మనుష్యుని లోతులను పట్టియుండును గనుకనే రాజకీయనాయకులు వానిని చేతబట్టుదురు. 1934లో ప్రదర్శనశాలగా నిర్ణయింపబడిన హాగియా సోఫియా 2020 జులైలో మఱల మసీదుగా ప్రకటింపబడినప్పుడు, అది ఒక్క ప్రార్థనాస్థలపు సంగతిగా నుండక, దేశదేశముల వాదమయ్యెను. కాని బలమైన పనిముట్టు తనంతట తానే పనిచేయదు. ఎవరు దానిని పట్టిరి, దేని కొఱకు పట్టిరి, ఎవరి పొలము, ఎవరి యిల్లు, ఎవరి రేవు దానివలన చేతులు మాఱెను అని అడుగుట చరిత్ర చదువువారి ధర్మము. ‘వారి మతమట్టిది’ అను మాటతో ఏ యుద్ధమునకైనను కారణము చెప్పినట్లు తృప్తిపడినయెడల, ఆ ప్రశ్నలన్నియు అడుగకయే మిగిలిపోవును.

ముగింపు

1999 ఆగస్టు 17వ తేదిన టర్కీలోని ఇజ్మిత్ ప్రాంతమున ఘోరమైన భూకంపము వచ్చెను. మట్టిక్రింద చిక్కినవారిని తీయుటకు గ్రీసునుండి సహాయదళములు వచ్చెను. ఇరువదియొక్క దినములకు, సెప్టెంబరు 7వ తేదిన, ఏథెన్సున భూమి కంపించెను. ఈసారి టర్కీదళములు అచ్చటికి పోయెను. 2023 ఫిబ్రవరిలో టర్కీని మఱల భూకంపము వణికించినప్పుడు గ్రీకుదళములు మఱల వెళ్లెను. ఇటుకలక్రిందినుండి వినవచ్చు మూలుగునకు భాషయు మతమును అడుగువాడు లేడు. అట్లని ఆ రెండు రాజ్యముల తగవులు తీఱిపోలేదు. సముద్రపు సరిహద్దులును సైప్రసును ఇంకను వాదములోనే యున్నవి. ఐనను మూసిన గడులు తెఱువవచ్చునని మాత్రము ఆ దినములలో కనబడెను.

విద్యార్థులారా! మన పాఠశాలలో వేఱువేఱు సంఘములకు, వేఱువేఱు మతములకు చెందిన పిల్లలు ఒకే బల్లమీద కూర్చుండి చదువుకొనుచున్నారు. ఇది చిన్న సంగతి యని తలంపవలదు. స్ముర్నలోను ఇట్టి పాఠశాలలుండెను; అందును ఇట్టి బల్లలుండెను. పెద్దలు ఒక్క గడిని మాత్రమే చదువ మొదలిడినపుడు ఆ బల్లలు ఖాళీయైనవి. మీ ప్రక్కనున్న స్నేహితుని గూర్చి ఎవరైనను ‘వాడు వారివాడు’ అని మీతో అన్నప్పుడు, వాని ఊరు, వాని మాట, వాని యాట, వాడు మీకు అరువిచ్చిన పుస్తకము జ్ఞాపకము చేసికొనుడు. తలిదండ్రులారా! పిల్లవాడు ఇంటికి వచ్చి తన స్నేహితుని పేరు చెప్పినప్పుడు, వాడెవరివాడని మొదట అడుగక, వాడెట్టివాడని అడుగుడు. ఆ మొదటి ప్రశ్న లోజానులో అడుగబడినది. దాని ఫలమును పైన చూచితిమి.